అట్ల పెనానికి బెయిలు

నల్లకోటు విప్పి మేకుకి తగిలించాను. మా ఆవిడ దాన్ని కొన్నాళ్లు చూసి, చలికాలం రాగానే తీసి ఇడ్లీ పిండి గిన్నె చుట్టూ కప్పింది. పిండి పులియడానికి వెచ్చదనం కావాలట. మర్నాడు మూత తీసి చూసి, "పోనీలెండి, ఇన్నేళ్లకి ఈ కోటు వల్ల ఒక పని జరిగింది," అంది.

అందుకే ఇది రాస్తున్నాను. విశాఖపట్నం కోర్టుల్లో క్రిమినల్ ప్లీడరుగా బతికినవాడి జీవితం పిండి పులియబెట్టడంతోనే పూర్తి కాకూడదు. ఎన్ని కేసులు గెలిచానో, ఎవరెవరు నాకు శాలువాలు కప్పారో రాయను. ఆ శాలువాలు కూడా ప్రస్తుతం పచ్చళ్ల జాడీల మీదే ఉన్నాయి. కొత్తగా కోటు తొడుక్కునే పిల్లలకి పనికొచ్చే సంగతి ఒక్కటే చెబుతాను. అది తెలియడానికి నాకు ఒక మేక, ఒక అట్ల పెనం కావలసి వచ్చాయి.

హల్వా కేసు

లా కాలేజీలో మీకు మొదట చెప్పేది, నేరం రుజువయ్యేదాకా ముద్దాయి నిర్దోషి అని. రుజువు చెయ్యాల్సిన బరువు ప్రాసిక్యూషన్‌ది. ముద్దాయి నోరు విప్పక్కర్లేదు. వినడానికి ఎంత హాయిగా ఉంటుందో! ఈ మాట వినే నేను ఈ వృత్తిలోకి వచ్చాను. పని చెయ్యాల్సింది అవతలివాళ్లు, కూర్చోవాల్సింది మనం అనుకున్నాను.

తర్వాత తెలిసింది, ఈ ఇంటికి పెరటి గుమ్మం కూడా ఉందని. కొన్ని చట్టాలు ముందే ఒక మాట అనేసుకుంటాయి. ఫలానాది నీ దగ్గర దొరికిందా, అయితే నువ్వు తప్పుచేసినట్టే, కాదంటే నువ్వే రుజువు చేసుకో అంటాయి. ఇందులోనూ రెండు రకాలున్నాయి. కొన్నిచోట్ల కోర్టు అలా "అనుకోవచ్చు". కొన్నిచోట్ల "అనుకోవాలి". మొదటిదానిలో జడ్జిగారి ఇష్టం ఉంటుంది. రెండోదానిలో ఆయన ఇష్టాన్ని అడిగేవాడే లేడు.

మా ఇంట్లో నడిచేది రెండో రకం. నాకు షుగరు. ఎవరో మాడుగుల హల్వా తెచ్చారు. మా ఆవిడ గుడికెళ్లి వచ్చేసరికి డబ్బాలో హల్వా తగ్గింది.

"తగ్గింది. ఇంట్లో ఉన్నది మీరు. కాదని మీరే చెప్పండి," అంది.

"చీమలు," అన్నాను.

"చీమలు తిన్నాక చెంచా కడిగి బోర్లించవు."

చూశారా, బరువు నా నెత్తిన పడగానే నేను ఆత్రపడి నోరు తెరిచాను. తెరవగానే చెంచా బయటపడింది. ఆ కేసు ఇప్పటికీ పెండింగులోనే ఉంది, హల్వా డబ్బా మాత్రం బీరువాలోకి వెళ్లిపోయింది.

మేక ఇచ్చిన తీర్పు

నా సీనియరు జలీల్ సాహెబ్‌ది విశాఖలోనే పాతూరు. అక్కడ వాళ్లన్నయ్యకి తాళాల కొట్టు ఉండేది. "మా అన్న తాళాలు తీస్తాడు, నేను తాళాలు తీసినవాళ్లని తీస్తాను," అనేవారు. బుగ్గలో ఎప్పుడూ ఏలక్కాయ. కోపం వస్తే దాన్ని కొరికేవారు, ఆ చప్పుడు కోర్టు హాలు చివరిదాకా వినిపించేది.

నేను జూనియరుగా ఉండగా ఎలమంచిలి దగ్గర్నుంచి ఒక మేక కేసు వచ్చింది. పోయిన మేక మర్నాడే నూకరాజు అనే అతని పాకలో దొరికింది. దొంగసొత్తు పోయిన వెంటనే ఎవరి దగ్గర దొరికితే, వాడు దొంగగానీ దొంగసొత్తు కొన్నవాడుగానీ అని కోర్టు అనుకోవచ్చు. అయితే ముందు అది పోయిన సొత్తే అని తేలాలి. జలీల్ సాహెబ్ క్రాస్‌లో ఫిర్యాదీని పట్టుకుని ఉతికేశారు. నీ మేకకి మచ్చ ఎక్కడుంది అంటే ఒకసారి చెవి మీద అన్నాడు, ఒకసారి తోక దగ్గర అన్నాడు. అక్కడితో కేసు పడుకుంది.

ఆ తర్వాత ఆయనకి ఏదో పనిపడి, మిగతాది చూడమని నాకు అప్పజెప్పి వెళ్లారు. నాకు హుషారు పుట్టింది. కేసు ఎలాగూ గెలుస్తున్నాం, ఇంకాస్త ఘనంగా గెలుద్దామనిపించింది. మేకని కోర్టుకి తెప్పించాలని నేనే అడిగాను. నూకరాజు పిలిస్తే అది వస్తుందని, దాంతో అతని సొంతమని తేలిపోతుందని నా ఆలోచన.

మేక వచ్చింది. నూకరాజు ముద్దుగా పిలిచాడు. అది అతనివంక ఒక్కసారి చూసి, పరుగున వెళ్లి ఫిర్యాదీ లుంగీలో తలదూర్చి, తప్పిపోయిన పిల్ల తల్లిని చూసినట్టు మే మే అని ఏడ్చింది. జడ్జిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ మేకని క్రాస్ చెయ్యడానికి నాకు హక్కు లేకపోయింది.

జలీల్ సాహెబ్ ఆ సాయంత్రం ఏలక్కాయ కొరకలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

"బేటా, బరువు ఎవరి నెత్తిన ఉంది?" అన్నారు.

"ప్రాసిక్యూషన్ నెత్తిన."

"మరి నువ్వెందుకు తల పెట్టావ్? కూలి ఇస్తామన్నారా?"

ఆ ప్రశ్న నాకు డిగ్రీ కన్నా ఎక్కువ అన్నం పెట్టింది.

తినేసి పట్టుకున్నాడు

జలీల్ సాహెబ్ పోయిన చాలా కాలానికి, నా జుట్టు పూర్తిగా తెల్లబడ్డాక, అప్పలనరసమ్మ వచ్చింది. కంచరపాలెంలో రైలు పట్టాలకి కాస్త ఇవతల ఆమె అట్ల బండి ఉంది. పెసరట్టూ, రవ్వట్టూ, మామూలు అట్టూ. బండికి స్కానరు అంటించి ఉన్నా, ఆవిడ మాత్రం ఫోను చప్పుడుని నమ్మేది కాదు. డబ్బు పడిందని ఫోను అరిచాక కూడా, "నిజమేనా బాబూ?" అని మనిషిని అడిగి నమ్మేది.

ఆమె పెనం బండంత బరువు. దళసరి ఇనుము, నల్లగా, అద్దంలా నిగనిగలాడేది. ఎన్నో ఏళ్లు నూనె తాగిన పెనం అది. ఉల్లిపాయ చెక్కతో ఒక్క రాపు రాస్తే అట్టు దానంతట అదే లేచొచ్చేది. ఇంట్లో అట్లు పోసేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, అలాంటి పెనం బజారులో దొరకదు, తయారవుతుంది.

రైల్వే రక్షణ దళం ఇన్‌స్పెక్టర్ రమణమూర్తి రోజూ అక్కడే టిఫిను చేసేవాడు. ఆ రోజుల్లో పైనుంచి ఒత్తిడి వచ్చింది. రైల్వే ఇనుము పోతోంది, మీరేం చేస్తున్నారు అని. పాపం రమణమూర్తి పెసరట్టు తింటూ దిగులుగా ఎదురుగా చూస్తున్నాడు. ఎదురుగా పెనం ఉంది. ఇంత దళసరి ఇనుము రైల్వేకి తప్ప ఇంకెవరికి ఉంటుంది అని అతనికి తోచింది.

ఆ తర్వాత జరిగింది అప్పలనరసమ్మ నోటితోనే వినాలి.

"తిన్నంతసేపూ తినీసినాడు బాబూ. సెయ్యి కడిగీసుకున్నాడు. అప్పుడు పట్టుకున్నాడు. ముందే పట్టుకుంటే ఆడికి అట్టుండదు కదా! సుట్టూ ఉన్నోళ్లని పంచనామాలో సంతకం ఎట్టమన్నాడు. ఆళ్లేమో మా అట్లొచ్చాక ఎడతాం అన్నారు. అందరికీ యేసినాను. నా పెనాన్ని పట్టీడానికి నానే అట్లు యేసినాను బాబూ!"

"సరే, తర్వాత?"

"తరవాత ఏటి? మండతన్న పెనం సల్లారాలని సెంబుడు నీళ్లు పోసీసినాడు." అంటూ చెంబు వంచినట్టు చెయ్యి వంచి చూపించింది. "ఆడికి అమ్మా అక్కా నేరేటి బాబూ?"

జైలుకి వెళ్లే కేసు అని నేను చెప్పాను. రైల్వే సొత్తు, దొంగిలించిందని అనుమానించదగ్గది, ఎవరి దగ్గర దొరికినా అది తనకి న్యాయంగా వచ్చిందని వాళ్లే రుజువు చేసుకోవాలని చట్టం ఉందని చెప్పాను. ముందు బెయిలు చూద్దాం అన్నాను.

"బెయిలు నాకెందుకు బాబూ, నానెక్కడికి పోతాను? నా పెనానికి ఇప్పించండి."

"అది నీకెలా వచ్చింది?"

"మా మాఁవ పోర్టులో కళాసీ. పాత ఓడ ఇరగ్గొట్టినప్పుడు దాని వంటగదిలో ఉండీదట. పాతూర్లో ఇనప సామాన్ల సాయిబు కాడ కొన్నాడు."

"రసీదుందా?"

"ఆ రోజుల్లో పెళ్లికే కాయితం నేదు, పెనానికేటి బాబూ!"

మామగారు పోయారు. ఇనుప సామాన్ల సాయిబూ పోయాడు. ఓడ అంతకు ముందే పోయింది. పైనున్నవాళ్లకి సమన్లు అందించే అమీనా మన దగ్గర లేడు.

పెనాన్ని విడిపించమని పిటిషన్ వేశాను. కేసంతా ఆ పెనం మీదే ఉందని కోర్టు కొట్టేసింది. ఆమె కొత్త పెనం కొంది. దాని మీద అట్టు వేస్తే ఉప్మా వచ్చేది. తినేవాళ్లు ఒక్కొక్కరే పక్కబండికి జరిగిపోయారు. రమణమూర్తి కూడా జరిగాడు, అయితే తింటున్నంతసేపూ ఇటే చూసేవాడట. నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, పెనం రాకపోతే ఆ బండి మూతపడుతుంది, కేసు పోతే ఆ మనిషి లోపలికి పోతుంది. మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆమె చేతులు ఖాళీగా ఉండలేక చీర కొంగుని అట్టులా మడతపెట్టేది. నాకు ఆ చేతుల వంక చూడ్డం కష్టంగా ఉండేది.

గోకడమా, మానడమా

కాస్త న్యాయంగా మాట్లాడతాను. ఇలాంటి చట్టాలు అసలే వద్దని నేను అనను. రైలు పట్టాల బోల్టు ఎవరింట్లోనో దొరికితే, అదెలా వచ్చిందో ఆ ఇంటివాడికి తెలుస్తుంది గానీ రైల్వేకి ఏం తెలుస్తుంది? ఆ మాత్రం అడగడం తప్పు కాదు. పైగా చట్టం ముద్దాయి నెత్తిన పెట్టే బరువు, ప్రాసిక్యూషన్ మోసేంత పెద్దదీ కాదు. నమ్మదగ్గట్టు చెబితే చాలు. నా తగాదా చట్టంతో కాదు. చట్టమే అనుకుంటోంది కదా అని దర్యాప్తు చేసేవాడు కాళ్లు చాపుకుని పడుకుంటాడే, వాడితో. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. కానీ అలా అనాలన్నా, ముందు అది తాటిచెట్టు అని చూపించాలి కదా! కొబ్బరిచెట్టు కింద కూర్చున్నవాణ్ణి కూడా నిరూపించుకో అంటే ఎలా?

విచారణకి పెనాన్ని ఇద్దరు మోసుకొచ్చి జడ్జిగారి ముందు పెట్టారు. ఒకటో నంబరు వస్తువు. దానికీ అదే చివరి గౌరవం అనుకున్నాను.

రైల్వే తరఫున వచ్చిన ఇంజినీరు దాన్ని చూసి, ఇది మాదే అన్నాడు. క్రాస్‌లో లేచాను.

"ఎలా చెప్పగలరు?"

"దళసరి చూసి."

"మా ఇంట్లో రుబ్బురోలు ఇంతకన్నా దళసరి. అదీ మీదేనా?"

"అది రాయి కదండీ."

"ఇనుము సంగతే అడుగుతాను. ఈ ఊళ్లో పోర్టు ఉంది, ఓడలు కట్టేచోటు ఉంది, ఉక్కు ఫ్యాక్టరీ ఉంది. వీటిలో ఎక్కడా ఇంత దళసరి ఇనుము ఉండదా?"

"ఉంటుందండీ."

"ఈ ఊళ్లో దళసరి ఇనుము లేని ఇల్లు ఒకటి చూపించగలరా?"

అంటుండగా యథాలాపంగా నా చూపు జడ్జిగారి బల్ల మీద పడింది. అక్కడ కాగితాలు ఎగిరిపోకుండా ఒక బరువైన ఇనుప ముక్క పెట్టి ఉంది. అటు చూశాను, అంతే. జడ్జిగారు నెమ్మదిగా ఒక ఫైలు తీసి దాని మీద కప్పారు.

అప్పుడు ప్రాసిక్యూటరు లేచి, "మా వస్తువులకి ముద్ర ఉంటుంది. ఈ నూనె పొర కింద ఉండే ఉంటుంది. కోర్టువారు అనుమతిస్తే గోకించి చూద్దాం," అన్నాడు.

ఆ మాట పూర్తి కాకముందే బోనులోంచి కేక వచ్చింది.

"గోకితే నన్ను గోకండి బాబూ! దాన్ని ముట్టుకోకండి!"

హాలంతా ఆమెవైపు తిరిగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే అందరికీ కనిపించింది. రమణమూర్తి ముఖం వెలిగింది. ఇంజినీరు తల ఊపాడు. గుమాస్తా నావంక జాలిగా చూశాడు. నిజం చెప్పొద్దూ, నాకూ ముద్ర ఉండే ఉంటుందనిపించింది.

"మీ అభ్యంతరం ఏమిటి?" అని జడ్జిగారు నన్ను అడిగారు.

వద్దంటే దొంగతనం ఒప్పుకున్నట్టు. సరే అంటే పెనం నుంచి పొయ్యిలో పడ్డట్టు. ముద్ర ఉంటే మనిషి పోతుంది, లేకపోతే పెనం పోతుంది. అప్పుడు చెవిలో ఏలక్కాయ కొరికిన చప్పుడు వినిపించింది. నువ్వెందుకు తల పెట్టావ్, కూలి ఇస్తామన్నారా?

"అభ్యంతరం ఏమీ లేదండీ," అన్నాను. "ఇది రైల్వేదని రుజువు చేసే బరువు వాళ్లది. గోకుకోమనండి. కానీ ముద్ర దొరక్కపోతే, పెనం ఇప్పుడు ఉన్న స్థితిలోనే తిరిగి ఇస్తామని పూచీ రాసివ్వమనండి. ఆ నునుపు మళ్లీ రావాలంటే దాని మీద ఏళ్ల తరబడి అట్లు పొయ్యాలి. పట్టుకున్నది ఇన్‌స్పెక్టరుగారు కాబట్టి, ఆ అట్లు ఆయనే పొయ్యాలి. అక్కడే కంచరపాలెంలో, రోజూ పొద్దున్నే."

జడ్జిగారు ముఖం తిప్పుకుని దగ్గారు. చాలాసేపు దగ్గారు.

"ఇన్‌స్పెక్టరుగారూ, పూచీ ఇస్తారా?"

రమణమూర్తి లేచి నిలబడ్డాడు. "సార్, నాకు అట్లు తినడమేగానీ యెయ్యడం రాదు సార్," అన్నాడు.

ఆ మాట అలాగే రికార్డులోకి ఎక్కింది. గోకడం ఆగిపోయింది. పెనం రైల్వేదని ప్రాసిక్యూషన్ మొదట రుజువు చెయ్యలేదు కాబట్టి, అదెలా వచ్చిందో చెప్పాల్సిన బరువు ముద్దాయి మీద పడనే లేదని తీర్పు వచ్చింది. అప్పలనరసమ్మ నిర్దోషి. పెనం తిరిగి ఇచ్చెయ్యాలి.

కోటు వేసుకునే పిల్లలూ, మీ కోసం రాస్తున్న సంగతి ఇదే. చట్టం ఎంత కఠినంగా అనుకున్నా, ఆ అనుకోవడానికి ముందు ఒక మెట్టు ఉంటుంది. అవతలివాడు ఆ మెట్టు ఎక్కాడా లేదా చూడండి. ఎక్కకపోతే చెయ్యందించి ఎక్కించకండి. ఈ ఒక్కటీ తెలిస్తే మిగతాదంతా టైపిస్టు చూసుకుంటాడు.

మొదటి అట్టు

ఇక్కడితో ఆపేస్తే నాకు గొప్పగా ఉండేది. కానీ పెనం తెచ్చుకోవడానికి ఆమెతో నేనూ వెళ్లాను. సొత్తు దాచే గదిలో ఎవరో దాన్ని నీళ్ల డ్రమ్ముకి మూతగా వాడుకున్నారు. నూనె పొర పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది. అంతా తుప్పు. కోర్టులో ఎవరూ గోకకుండా నేను కాపాడిన నునుపంతా ఎవరూ గోకకుండానే పోయింది.

ఆమె నేల మీద కూలబడి ఆ పెనాన్ని ఒళ్లోకి లాక్కుంది. ఏడ్చింది. తీర్పు వచ్చిన రోజు కూడా ఏడవని మనిషి. నేను పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను. అప్పీలు వెయ్యడానికి కూడా ఏమీ లేదు.

ఇటుక పొడితో, కొబ్బరి పీచుతో తోమి తోమి ఆమె తుప్పు వదలగొట్టింది. నూనె రాసి కాల్చి, మళ్లీ రాసి మళ్లీ కాల్చి, ఒక ఉదయం బండి తెరుస్తున్నాను రమ్మని కబురు పంపింది. వెళ్లాను. పాత గిరాకీ అంతా చేరింది. బెంచీ చివర, మఫ్టీలో, ముఖం దాచుకోవాలా వద్దా అన్నట్టు రమణమూర్తి కూర్చున్నాడు. ఆకలికి పంతం ఉండదు.

మొదటి అట్టు అంటుకుంది. ఆమె అట్లకాడతో అంచులు వదులు చేసి, ఓపిగ్గా లేపి, పళ్లెంలో తిరగేసింది.

అట్టు మధ్యలో, అరచెయ్యంత మేర, ఎర్రగా కాలి పైకి తేలి ఒక బొమ్మ కనిపించింది. పైన రింగు, కింద రెండు కొక్కేలు.

"బావా, లంగరు! ఓడ లంగరు!" అని ఎవరో అరిచారు.

నేను వంగి పెనంలోకి చూశాను. ఇన్నాళ్లూ నూనె పొర కింద కప్పబడిపోయిన ముద్ర అక్కడ ఉంది. రైల్వేవాళ్లు రైళ్లకి లంగరు వెయ్యరు. ఆమె మామగారు ఓడ వంటగది అన్నది మాట వరసకి కాదు, నిజంగా ఓడ వంటగదే. ఒక్క గోకుడు గోకితే కేసు ఆ రోజే తేలిపోయేది. ఆమె దాచుకున్నది ముద్రని కాదు, కాపాడుకున్నది పెనాన్ని. అది తప్ప మిగిలినవన్నీ మేమందరం అనుకున్నాం, చట్టం కన్నా ముందే. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ అన్నాను.

అప్పలనరసమ్మ ఎవరివంకా చూడలేదు. ఆ పళ్లెం తీసుకెళ్లి రమణమూర్తి ముందు పెట్టింది.

"అమ్మా, నాను..." అన్నాడతను.

"అల్లం సెట్నీయా, కొబ్బరి సెట్నీయా?"

రమణమూర్తి తల వంచుకుని తినడం మొదలుపెట్టాడు. చుట్టూ అంచులన్నీ తిన్నాడు. మధ్యలో లంగరు మాత్రం మిగిలింది. దాని మీద చెయ్యి పడలేదు. పళ్లెం పక్కన పెట్టి మెల్లగా లేవబోయాడు.

అప్పలనరసమ్మ అట్లకాడ అడ్డం పెట్టింది.

"అదీ తినీ బాబూ. సాచ్చికాన్ని అలా పళ్లెంలో ఒగ్గీకూడదు."